సర్వరు చిట్టాను ఎన్నాళ్లు భద్రపరచాలి?



బెంగళూరులో ఆస్తిపన్ను చెల్లించేవారికి ఏప్రిల్ ముఖ్యమైన నెల. సంవత్సరపు పన్నును ఆ నెలలోగా పూర్తిగా కట్టినవారికి ఐదు శాతం తగ్గింపు లభించడం ఇక్కడి ఆనవాయితీ. గడువు పొడిగించిన సంవత్సరాలూ ఉన్నాయి. మారతహళ్లిలోనో, కృష్ణరాజపురంలోనో నివసించే ఒక గృహస్థు పొడిగింపు లేని ఏడు ఏప్రిల్ 30వ తేదీ రాత్రి 11 గంటల 58 నిమిషాలకు తన ఫోనులో చెల్లింపు మీట నొక్కాడని అనుకోండి. తెర మీద చక్రం తిరిగి తిరిగి ఆగిపోయింది. బ్యాంకు ఖాతాలో సొమ్ము తగ్గింది, రసీదు మాత్రం రాలేదు. జూన్ నెలలో కార్యాలయానికి వెళ్లి విచారిస్తే ఆ చెల్లింపు మే 1వ తేదీ నాటిదిగా కనబడింది. ఆయన ఏప్రిల్ అంటాడు, కార్యాలయం మే అంటుంది. ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడడం లేదు. ఇక మిగిలిన సాక్షి ఒక్కటే: ఆ రాత్రి సర్వరు తనంత తానుగా రాసుకున్న చిట్టా. ఆ చిట్టా జూన్ దాకా బతికి ఉన్నదా లేదా అన్నదే ఈ ప్రసంగ విషయం.

తెలుగు వర్తకులకు చిట్టా, ఆవర్జా అనే జంట కొత్తది కాదు. ఏ లావాదేవీని ఆనాడే, జరిగిన వరుసలోనే రాసుకునేది చిట్టా. అందులోనుంచి పేర్లవారీగా ఖాతాలకు ఎక్కించేది ఆవర్జా. ఆవర్జాలో తేడా కనిపిస్తే చిట్టా తీసి చూసేవారు. చిట్టాలోనే కొట్టివేతలుంటే ఇక ఆ దుకాణం లెక్కను ఎవరూ నమ్మేవారు కారు. సర్వరులోనూ ఏర్పాటు ఇటువంటిదే. పౌరుని పేరు, ఆస్తి సంఖ్య, బాకీ మొత్తం ఉండే డేటాబేసు ఆవర్జా వంటిది. ఎవరు, ఏ క్షణాన, ఏ తలుపు తట్టారు, సర్వరు ఏమని బదులిచ్చింది అన్న సంగతులు పంక్తి తరువాత పంక్తిగా పడుతూ ఉండే ఫైలు చిట్టా. ఇంజనీర్లు దానిని లాగ్ అంటారు. ఆ మాట ఓడల నుంచి వచ్చింది. ఓడ వేగాన్ని కొలవడానికి తాడు కట్టిన చెక్కముక్కను నీటిలోకి వదిలేవారు. ఆ కొలతలు రాసే పుస్తకం లాగ్‌బుక్ అయింది. తెలుగు వికీపీడియా లాగ్‌కు చిట్టా అనే మాటనే వాడుతోంది. అంతకంటె తగిన మాటను కొత్తగా కల్పించవలసిన అవసరం లేదు.

చిట్టాలోని పంక్తి చూడడానికి పొడిపొడిగా ఉంటుంది: తేదీ, గంట, నిమిషం, సెకను, అడిగిన యంత్రం చిరునామా, అడిగిన పుట, చివర ఒక మూడంకెల సంఖ్య. ఆ సంఖ్య 200 అయితే పని జరిగిందని అర్థం. 404 అయితే అడిగిన పుట లేదని. 504 అయితే వెనుకనున్న మరొక యంత్రం వేళకు పలకలేదని. పై గృహస్థు విషయంలో 23:58కి ఎదురుగా 504 అని ఒక్క పంక్తి దొరికితే చాలు. ఆయన గడువులోగా వచ్చాడనీ, ఆలస్యం యంత్రానిదేననీ తేలిపోతుంది.

అయితే ఈ పంక్తులు ఊరికే నిలిచి ఉండవు, పెరుగుతూ పోతాయి. రోజుకు పది లక్షల విన్నపాలు అందుకునే సర్వరు ఒక్కొక్క పంక్తికి 250 బైట్ల చొప్పున రాస్తే రోజుకు 250 మెగాబైట్లు, 180 రోజులకు 45 గిగాబైట్లు అవుతాయి. ఒకే తీరు మాటలు మళ్లీ మళ్లీ వచ్చే పాఠం కనుక దానిని కుదిస్తే సాధారణంగా పదోవంతుకు అటూ ఇటూగా తగ్గుతుంది. జేబులో పట్టే పెన్‌డ్రైవులో ఆరు నెలల చిట్టా ఇమిడిపోతుందన్నమాట. కాబట్టి చోటు చాలక చిట్టాలు తీసివేశామనే జవాబు చాలా సందర్భాలలో లెక్కకు నిలవదు.

చోటు చాలని పరిస్థితి ఎక్కువగా అజాగ్రత్త వల్ల వస్తుంది. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 1980ల నాడు ఎరిక్ ఆల్మన్ అనే ప్రోగ్రామరు సెండ్‌మెయిల్ అనే సాఫ్ట్‌వేరు కోసం సిస్‌లాగ్ పద్ధతిని రూపొందించాడు. అందులో ప్రతి సందేశానికి తీవ్రతను బట్టి 0 నుంచి 7 దాకా ఒక మెట్టు ఉంటుంది. 0 అంటే వ్యవస్థ మొత్తం కూలిన స్థితి. 7 అంటే తప్పులు వెదికే పనివారికి తప్ప మరెవరికీ అక్కరలేని చిల్లర వివరం. ఒక లోపాన్ని పట్టుకోవడం కోసం ఏడో మెట్టు తెరిచి, పని అయిన తరువాత మూయడం మరిచిపోతే చిట్టా ఎన్నో రెట్లు ఉబ్బుతుంది. డిస్కు నిండుతుంది. డిస్కు నిండిన సర్వరులో డేటాబేసు ఒక్క అక్షరమూ రాయలేదు. పన్నులు, జనన ధ్రువపత్రాలు, ఫిర్యాదులు అన్నీ ఆగిపోతాయి. అర్ధరాత్రి పిలుపందుకున్న ఉద్యోగి ముందుగా అన్నిటికంటె పెద్ద ఫైలు ఏదని చూస్తాడు. అది చిట్టాయే. దానిని తొలగిస్తాడు. ఇక్కడ ఒక విచిత్రం ఉంది. లినక్స్ సర్వరులో ఆ ఫైలును ఏదైనా ప్రోగ్రాము ఇంకా తెరిచి పట్టుకుని ఉంటే, పేరు మాయమవుతుంది కాని చోటు ఖాళీ కాదు. చిట్టా పోయింది, డిస్కు మాత్రం నిండే ఉంది. చోటు తిరిగి రావాలంటే సాధారణంగా ఆ ప్రోగ్రామును ఆపి మళ్లీ మొదలుపెట్టవలసి వస్తుంది. ఒక్క తొందరపాటుతో సాక్ష్యమూ పోయింది, సేవా ఆగింది.

ఈ అవస్థ రాకుండా చిట్టాను నియమిత కాలానికి ఒకసారి ముగించి, పాతదానికి సంఖ్య వేసి కుదించి పక్కన పెట్టి, కొత్తది తెరుస్తారు. లినక్స్‌లో ఈ పనికి లాగ్‌రొటేట్ అనే సాధనం ఉంది. పని మంచిదే. చిక్కంతా అది వచ్చేటప్పుడు తెచ్చే సొంత లెక్కలో ఉంది. చాలా లినక్స్ పంపిణీలలో వారానికి ఒక మారు మార్చు, నాలుగు పాతవి ఉంచు, అంతకు ముందువి తీసివేయి అన్నదే దాని తొలి అమరిక. విండోస్ సర్వరులో అప్లికేషన్, సిస్టమ్ చిట్టాలకు తొలి పరిమితి 20 మెగాబైట్లు. అది నిండగానే అత్యంత పాత సంఘటన మీద కొత్తది వచ్చి కూర్చుంటుంది. ఎస్‌క్యూఎల్ సర్వరు అయితే తన దోషాల చిట్టాను కాలంతో కాక పునఃప్రారంభాలతో కొలుస్తుంది: మొదలైన ప్రతిసారీ కొత్తది తెరుస్తుంది, వెనుకటివి ఆరు ఉంచుతుంది. మరమ్మతు కోసం ఒకే రాత్రి ఏడుసార్లు ఆపి తెరిస్తే ఆ ఉదయం దాకా ఉన్న చిట్టా ఆ రాత్రే మాయమవుతుంది. ఈ అమరికలను నిర్ణయించినవారికి డిస్కు కళ్ల ముందు ఉంది. బెంగళూరు పన్నుదారు లేడు, ఉండవలసిన అవసరమూ వారికి లేదు. కార్యాలయాలకు ఉంది.

నాలుగు వారాల అమరికను పన్నుదారుని క్యాలెండరు పక్కన పెట్టి చూడండి. ఏప్రిల్ 30 నాటి పంక్తి జూన్ మొదటి వారానికే కనుమరుగవుతుంది. ఆయన ఇంకా కార్యాలయం మెట్లు ఎక్కనే లేదు. ఎక్కి, నిరాశతో తిరిగివచ్చి, 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాడనుకుంటే జవాబుకు చట్టం ఇచ్చిన గడువు 30 రోజులు. ఆ చట్టంలోని సెక్షను 2(ఎఫ్) సమాచారమంటే ఏమిటో చెబుతూ పేర్కొన్న వస్తువుల పట్టికలో లాగ్‌బుక్కులు ఉన్నాయి, ఎలక్ట్రానిక్ రూపంలోని సామగ్రీ ఉంది. కనుక అడిగే హక్కు ఉంది. అడిగిన వస్తువే ఉండదు.

ఈ విషయంలో దేశానికంతటికీ వర్తించే ఆదేశం ఒకటి 2022 ఏప్రిల్ 28న వెలువడింది. కంప్యూటరు భద్రతా వ్యవహారాలు చూసే కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ సమాచార సాంకేతిక చట్టంలోని సెక్షను 70బి కింద దానిని జారీచేసింది. డేటా కేంద్రాలు, కంపెనీలు, ప్రభుత్వ సంస్థలు తమ వ్యవస్థల చిట్టాలన్నిటినీ 180 రోజుల పాటు భద్రంగా ఉంచాలని, భద్రతా ఉల్లంఘన తెలిసివచ్చిన 6 గంటలలోగా నివేదించాలని అందులో ఉంది. దాడులను విచారించడం ఆ ఆదేశం ఉద్దేశం. పౌరుని వివాదం దాని దృష్టిలో లేదు. అయినా నాలుగు వారాల కంటె 180 రోజులు ఎంతో మేలు.

మరి 180 రోజులు చాలుతాయా? సమాచార హక్కు చట్టంలోని మెట్లనే కూడి చూడవచ్చు. తొలి జవాబుకు 30 రోజులు. అది తృప్తి కలిగించకపోతే మొదటి అప్పీలు వేయడానికి 30. దానిపై నిర్ణయానికి 30, కారణాలు రాస్తే 45 దాకా. రెండో అప్పీలు వేయడానికి 90. మొత్తం 195 రోజులు. చట్టం ఇచ్చిన గడువులను పూర్తిగా వాడుకున్న పౌరుడు రాష్ట్ర సమాచార కమిషను గడప తొక్కేసరికి, 180 రోజుల నియమాన్ని తు.చ. తప్పక పాటించిన కార్యాలయంలో కూడా ఆ పంక్తి చెరిగి 15 రోజులై ఉంటుంది. ఎవరూ నియమం మీరలేదు, సాక్ష్యం మాత్రం లేదు.

దీనికి అన్ని చిట్టాలనూ కలకాలం దాచడం పరిష్కారం కాదు. అది ఖర్చుకూ చేటు, పౌరుల ఏకాంతానికీ చేటు. ఒక ఫిర్యాదు గాని, సమాచార దరఖాస్తు గాని, నోటీసు గాని అందిన రోజే దానికి సంబంధించిన గంటల చిట్టాను విడిగా తీసి, రొటేషనుకు అందకుండా నిలిపి ఉంచే పద్ధతి కావాలి. వివాదం ముగిసే దాకా ఆ ముక్క కదలదు. మిగిలినది యథాప్రకారం పోతుంది. ఇందుకు కొత్త సాఫ్ట్‌వేరు అక్కరలేదు. ఫిర్యాదుల బల్ల దగ్గర కూర్చునేవారికీ సర్వరు గదిలో ఉండేవారికీ మధ్య ఒక కాగితం నడవాలి, అంతే. కార్యాలయాలు ఎరిగినవారికి ఆ అంతే అన్న మాట ఎంత పెద్దదో తెలుసు.

నిలిపి ఉంచిన పంక్తిలో వేళ సరైనదై ఉండాలి. చాలా సర్వర్లు భారత కాలమానంలో కాక ప్రపంచ ప్రామాణిక కాలంలో చిట్టా రాస్తాయి. దానికీ భారత కాలానికీ అయిదున్నర గంటల తేడా. మే 1వ తేదీ తెల్లవారుజామున 3 గంటలకు కట్టినవాని పంక్తి ఆ చిట్టాలో ఏప్రిల్ 30, 21:30 అని కనబడుతుంది. తేడా తెలియక చదివితే గడువు దాటినవాడు లోపలికి వస్తాడు. వరుసలో ఉన్న యంత్రాలలో ఒకదాని గడియారం ఏడు నిమిషాలు ముందుంటే 23:58 కాస్తా మరునాటి 00:05 అయి, గడువులోగా వచ్చినవాడు బయటికి పోతాడు. ఈ కారణంగానే పైన చెప్పిన ఆదేశం సర్వర్ల గడియారాలను నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ లేదా నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ కాలంతో, లేదా వాటితో కలిసి నడిచే సర్వర్లతో సరిపెట్టుకోవాలని చెప్పింది. కర్ణాటకలో 2012 ఏప్రిల్ 2 నుంచి నడుస్తున్న సకాల పథకంలో ప్రతి సేవకూ ఇన్ని పనిదినాలని గడువు ఉంది. అది మీరితే రోజుకు 20 రూపాయల చొప్పున 500 రూపాయల దాకా పరిహారం అడగవచ్చు. దరఖాస్తు ఏ తేదీన అందిందన్న దాని మీదనే ఈ లెక్క అంతా ఆధారపడుతుంది.

చిట్టాను ఎక్కడ ఉంచాలన్నది వేరే ప్రశ్న. 1986 ఆగస్టులో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో క్లిఫర్డ్ స్టోల్ అనే ఖగోళ శాస్త్రజ్ఞునికి కంప్యూటరు వాడకపు లెక్కలలో వచ్చిన 75 సెంట్ల తేడాను తేల్చమని పని అప్పగించారు. ముప్పావు డాలరు. అది ఎవరూ పట్టించుకోనంత చిన్న మొత్తం, ఆయన పట్టించుకున్నాడు. ఎవరో బయటివాడు చొరబడి యంత్రాన్ని వాడుతున్నాడని తేలింది. చొరబడినవాడు యంత్రంలోని చిట్టాను చెరిపివేయగలడు కనుక స్టోల్ దానిని నమ్ముకోలేదు. బయటినుంచి వచ్చే ఫోను తీగలకు ప్రింటర్లు తగిలించి, వాడు కొట్టే ప్రతి అక్షరాన్నీ కాగితం మీదకు దించాడు. ఆ జాడ చివరకు పశ్చిమ జర్మనీలోని హానోవర్‌కు చేరింది. ఈనాడు ప్రింటర్ల అవసరం లేదు. ప్రతి పంక్తీ పుట్టిన వెంటనే దాని నకలు మరొక యంత్రానికి వెళ్లాలి, మొదటి యంత్రం మీద అధికారం ఉన్నవారికి రెండోదాని మీద చెరిపే అధికారం ఉండకూడదు. చిట్టా రాసే సాఫ్ట్‌వేరే దొంగదారి అయిన సందర్భం కూడా ఉంది: 2021 డిసెంబరులో బయటపడిన లాగ్4జే లోపం ఉన్నచోట, చిట్టాలో పడేట్లు ఒక ప్రత్యేక వాక్యం పంపితే చాలు, సర్వరు పరుల ఆజ్ఞలు వినేది.

లోపలివారి సంగతికి దూరదేశపు ఉదాహరణ అక్కరలేదు. కర్ణాటక భూమి పథకంలో సుమారు 67 లక్షల భూస్వాముల రెండు కోట్ల రికార్డులు కంప్యూటరుకెక్కాయి. అంతకు ముందు అవి సుమారు 9,000 మంది గ్రామ లెక్కాధికారుల చేతిరాతలో ఉండేవి. ఆంధ్రలో అడంగల్ అనీ, తెలంగాణలో పహాణీ అనీ పిలిచే పత్రాన్నే ఇక్కడ పహణి అంటారు. ఆ పథకం తాలూకా కేంద్రాలలో పనిచేసే ఉద్యోగులు సంకేతపదంతో కాక వేలిముద్రతో యంత్రంలోకి ప్రవేశించే ఏర్పాటు చేసింది. పేరు మార్పిడి దరఖాస్తులను వచ్చిన వరుసలోనే తీసుకోవాలన్న కట్టుబాటునూ సాఫ్ట్‌వేరులోనే పెట్టింది. సంకేతపదమైతే ఎవరో దొంగిలించారని చెప్పి తప్పుకోవచ్చు. వేలిముద్ర ఉన్న పంక్తిని నాది కాదనడం కష్టం. చిట్టా యంత్రాన్ని కాపాడటానికే కాక అధికారిని జవాబుదారుగా నిలపడానికీ పనికివస్తుందని ఈ రాష్ట్రం అప్పుడే గ్రహించింది.

ఇంత చెప్పిన తరువాత చిట్టాలో రాయకూడనివాటి గురించీ చెప్పాలి. 2018 మే 3న ట్విటర్ సంస్థ తన 33 కోట్ల వాడుకరులనూ సంకేతపదాలు మార్చుకోవడం మంచిదని కోరింది. కారణం, ఒక లోపం వల్ల సంకేతపదాలు మరుగుపడకముందే ఉన్నవి ఉన్నట్లు లోపలి చిట్టాలో పడ్డాయి. ఆవర్జాకు వేసిన తాళం చిట్టాకు వేయలేదన్నమాట. ఆధార్ సంఖ్య, ఫోనుకు వచ్చే ఆరంకెల సంకేతం, రోగం పేరు వంటివి చిట్టాలో ఉండరాదు. దరఖాస్తు సంఖ్య ఉంటే చాలు. మిగిలిన వివరం కావలసినవారు అధికారం ఉంటే డేటాబేసులో చూసుకుంటారు.

పేరు బదులు సంఖ్య ఉండడానికి ఈ బహుభాషా నగరంలో మరొక కారణం కూడా ఉంది. తెలుగు, కన్నడ లిపులకు యూనికోడ్ పట్టికలో పక్కపక్కనే చోట్లున్నాయి. సాధారణంగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క వర్ణానికి మూడేసి బైట్లు పడతాయి. ఇంగ్లీషును మాత్రమే ఎరిగినట్లు అమర్చిన చిట్టాలో ఆ లిపులలో రాసిన పేరు ప్రశ్నార్థకాల వరుసగా మారిపోతుంది. అలా మారినదాన్ని తిరిగి పేరుగా చేయడం ఎవరి తరమూ కాదు. ఇంగ్లీషులో రాసిన పేరుకైనా సుఖం లేదు: లక్ష్మి అన్న ఒక్క పేరును రోమను లిపిలో ఎన్ని విధాల రాస్తారో ఓటర్ల జాబితా చూసినవారికి తెలుసు. సంఖ్యకు ఏ భాషలోనైనా వర్ణక్రమం ఒకటే.

న్యాయస్థానం దాకా వెళ్లిన వివాదంలో, 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలోని సెక్షను 63 ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు ధ్రువపత్రం ఇవ్వాలి. ఆ ధ్రువపత్రం నమూనాలో ఫైలు హాష్ విలువకు చోటు ఉంది. హాష్ అంటే ఫైలు మొత్తం నుంచి గణించిన ముద్ర. ఫైలులో ఒక్క చుక్క మారినా ముద్ర మారిపోతుంది. పంక్తులను విడిగా నిలిపి ఉంచిన రోజే ఈ ముద్రను తీసి రాసి పెట్టడానికి నిమిషం పట్టదు.

పౌరుని వైపు పని కొంచెమే. మీట నొక్కిన వేళ, తెర మీద కనబడిన సంఖ్య, తెర చిత్రం, బ్యాంకు పంపిన సందేశం ఉంచుకోవాలి. వారం దాటకుండా లిఖితపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, ఆ వేళకు చెందిన సర్వరు చిట్టాను భద్రపరచవలసిందని అందులో ఒక వాక్యం చేర్చాలి. అవసరమైతే సమాచార హక్కు దరఖాస్తు. కర్ణాటక నియమాల ప్రకారం రుసుము 10 రూపాయలు, విషయం ఒకటే ఉండాలి, సాధారణంగా 150 మాటలు మించకూడదు. చట్టం ఆ దరఖాస్తుకు అనుమతించిన భాషలు ఇంగ్లీషు, హిందీ, ఆ ప్రాంతపు అధికార భాష, అంటే ఇక్కడ కన్నడం. తెలుగు మాత్రమే రాయగలిగినవారు వెనుదిరగనక్కరలేదు. రాసి ఇవ్వలేనివారు నోటితో చెప్పిన విన్నపాన్ని రాతలో పెట్టడానికి తగిన సహాయం చేయడం ప్రజా సమాచార అధికారి విధి అని సెక్షను 6 చెబుతోంది. చెప్పేటప్పుడు దరఖాస్తు సంఖ్య, తేదీ, గంట, నిమిషం చెబితే 150 మాటలలో చాలా మాటలు మిగులుతాయి.